లేనివాళ్ళ సంతకాలు

జూన్ 3, సోమవారం

ఈ నోటుపుస్తకం మా అమ్మాయి పిట్ట బడికని కొన్నది. గీతలు మరీ ఎడంగా ఉన్నాయని టీచరు తిప్పి పంపారు. పారెయ్యడమెందుకని నేను తెచ్చుకున్నాను. బస్సులో రాస్తున్నాను కాబట్టి అక్షరాలు కోడి గెలికినట్టున్నాయి. ఫరవాలేదు, చదివేది నేనే. ఒక్కటే నియమం పెట్టుకున్నాను. ఇందులో నేనొక్కదాన్నే రాయాలి.

ఎందుకంటే పగలంతా ఐదుగురిగా రాస్తున్నాను.

ఫ్రిజ్‌లు తయారుచేసే పెద్ద కంపెనీ ఒకటి తన కస్టమర్ల ఫిర్యాదులకి జవాబులిచ్చే పని మా కంపెనీకి అప్పగించింది. ఐదుగురు మనుషులుండాలని ఒప్పందం. మొదట్లో ఉండేవాళ్ళం కూడా. కళ్ళు పాడవుతున్నాయని పెద్దాయన ముందుగా మానేశారు. చలాకీ వేరేచోట చేరాడు. నవ్వులమ్మ కాన్పుకి వెళ్ళింది, సెలవు పొడిగించమంటే కుదరదన్నారు, ఇక రాలేదు. ముక్తసరి అయితే ఒకరోజు భోజనానికని లేచి అటునుంచి అటే వెళ్ళిపోయాడు. అతని డబ్బా ఇప్పటికీ ప్యాంట్రీలో బోర్లించి ఉంది. ఈ పేర్లన్నీ నేను పెట్టినవే.

ఒక్కొక్కరు వెళ్ళినప్పుడల్లా మా మేనేజరు సర్దుబాటు సార్ ఒకే మాట అన్నారు. "కొత్తవాళ్ళు వచ్చేదాకా ఆ మెయిల్స్ కూడా నువ్వే చూడమ్మా. పేరు మాత్రం మార్చకు, క్లయింటు కంగారు పడతారు. కాస్త సర్దుకో."

కొత్తవాళ్ళు రాలేదు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకుంటున్నారు. చెట్టేమో ఎప్పుడో పడిపోయింది.

పెద్దాయనగా రాసేటప్పుడు "అయ్యా, తమరి ఇబ్బంది నాకు అర్థమైంది" అని మొదలుపెట్టాలి. నవ్వులమ్మకి ప్రతి వాక్యం చివరా ఒక నవ్వు బొమ్మ. చలాకీ అన్నిటికీ "అయిపోయిందనుకోండి!" అంటాడు. ముక్తసరికి రెండు లైన్లు దాటకూడదు. నా పేరు మీదవి ఆఖర్న, మిగిలిన ఓపికతో రాస్తాను. "మళ్ళీ ఇబ్బందైతే నాకే రాయండి" అని ముగిస్తాను. అది మాత్రం నా సొంతం.

జూన్ 6, గురువారం

పిట్టని మాటల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. మాటల డాక్టరన్న పేరు అత్తగారు పెట్టారు. ఒంట్లో బాగాలేదని అబద్ధం చెప్పి సగం రోజు సెలవు సంపాదించాను.

ఆరేళ్ళ పిల్ల. ఏడాదిగా మాట మొదట్లోనే చిక్కుకుంటోంది. ఒక్క అక్షరం దగ్గరే ఆగిపోయి, కళ్ళు గట్టిగా మూసుకుని, పిడికిళ్ళు బిగించి లాగుతుంది. బడిలో చెయ్యెత్తడం మానేసిందట. అది చెబుతూ టీచరు నా వైపు చూసిన చూపు ఇంకా గుచ్చుకుంటోంది.

డాక్టరమ్మ అన్నది ఇది. "దీనికి మందులేం లేవండీ. ఇంట్లో ఎవరో ఒకరు రోజూ కాసేపు తీరిగ్గా కూర్చుని తనతో మాట్లాడాలి. ఫోన్ దగ్గర ఉండకూడదు. తను ఆగితే మాట అందించకూడదు. నిదానంగా చెప్పు అని కూడా అనొద్దు. ఊరికే వినాలి. ప్రతి గురువారం మూడింటికి అమ్మో నాన్నో తనతో రావాలి. నేర్చుకోవాల్సింది మీరు కదా."

మూడుసార్లు రాకపోతే ఆ గంట వేరే పిల్లకి ఇచ్చేస్తారట. చాలామంది ఎదురుచూస్తున్నారట.

ఖర్చంతా మా కంపెనీ ఇచ్చిన ఇన్సూరెన్సు కార్డు మీద. మా ఆయన ప్రైవేటు బస్సు నడుపుతారు, వాళ్ళకి అలాంటి కార్డు లేదు. మధ్యాహ్నాలు ఆయన ఊరి బయటే ఉంటారు. అంటే కార్డూ నేనే, గురువారమూ నేనే.

రోజూ కాసేపు తీరిగ్గా. సరే, అదెంత పని.

జూన్ 7, శుక్రవారం

ఇవాళ కుదరలేదు.

జూన్ 8, శనివారం

కూర్చున్నాను. ఫోన్ బోర్లా పెట్టాను, కానీ పక్కనే పెట్టాను. పిట్ట నా ఎదురుగా కూర్చుని "అమ్మా, బ.. బ.. బ.." అంది. ఫోన్ గుర్రుమంది. "బడా? బంతా? బస్సా?" అని నేనే మూడు అందించాను. తల అడ్డంగా ఊపి లేచిపోయింది. ఆ తర్వాత తెలిసింది, బల్లి. సరిగ్గా నా తల వెనక గోడ మీద ఉంది.

అత్తగారు గుమ్మంలోంచి అంతా చూశారు. "ఆఫీసులో ఐదుగురి నోళ్ళూ నీవే. ఇంట్లో దాని నోరు కూడా నువ్వే తీసుకుంటావేంటమ్మాయ్?" అన్నారు.

కోపం వచ్చింది. ఆవిడ మీద కాదనుకుంటాను.

జూన్ 11, మంగళవారం

గురువారం మధ్యాహ్నం సెలవు అడిగాను.

"ఈ నెల చాలా కీలకం కదమ్మా. నువ్వెళ్తే టీమ్‌లో ఎవరుంటారు?" అన్నారు సర్దుబాటు సార్.

"మిగతా నలుగురూ ఉన్నారు కద సార్."

ఆయన నవ్వలేదు. నాకు నవ్వొచ్చింది, వెంటనే భయం వేసింది.

నా సీటుకొచ్చి ఒక పిచ్చిపని చేశాను. గురు, శుక్రవారాలు చలాకీ ఊరెళ్తున్నాడని సెలవు పెట్టేశాను. కనీసం అతని మెయిల్స్ ఆగుతాయి కదా అని. గంటలో సార్ పిలిచారు. "చలాకీకి సెలవేంటి? నన్నడక్కుండా?" అని గదమాయించారు. తర్వాత గడ్డం గోక్కుని, "అయినా ఎప్పుడూ సెలవు పెట్టని మనిషంటే క్లయింటుకి అనుమానం రావచ్చులే" అని మంజూరు చేశారు.

లేనివాడికి సెలవు దొరికింది. ఉన్నదాని సెలవు పరిశీలనలో ఉంది.

జూన్ 13, గురువారం

వెళ్ళలేదు. మోకాళ్ళ నొప్పితోనే అత్తగారు తీసుకెళ్ళారు. డాక్టరమ్మ పిల్లని చూశారట గానీ, అమ్మా నాన్నా రాలేదని రాసుకున్నారట. ఒకటి.

జూన్ 15, శనివారం

పెద్దాయనకి ఒక మాస్టారు తరచూ రాస్తుంటారు. రిటైరయ్యారు, ఒక్కరే ఉంటారు. ఆయన ఫ్రిజ్ బాగయి చాలా కాలమైంది, అయినా శబ్దం మారిందనో, చల్లదనం తగ్గిందనో ఏదో ఒక వంక పెట్టుకుని రాస్తారు. ఈ వారం ఆయనకి జవాబు ఆలస్యమైంది. క్షమించమని రాస్తూ రాస్తూ, "మా మనవరాలికి మాట తడబడుతోంది, ఆ బెంగలో ఏ పనీ సాగడం లేదు" అని కలిపేశాను. పంపేశాను.

ఎందుకు రాశానో. నా పేరు మీద ఎవరికీ చెప్పుకోలేదు, మా అమ్మకి కూడా. పెద్దాయన పేరు మీద బెంగపడటం తేలిగ్గా ఉంది. ఆయనకి బెంగపడే తీరికుంది మరి.

జూన్ 16, ఆదివారం

పోయింది! నత్తి పోయింది!

పొద్దున్న లాప్‌టాప్ ముందు ఉంటే పిట్ట వచ్చి పక్కన చేరింది. "ఇ.. ఇప్పుడు ఎ.. ఎవరివి?" అంది. ఈ మధ్య అదే ఆట దానికి. పెద్దాయన్ని అని చెప్పి, ఆయన మెయిలు బొంగురు గొంతుతో చదివాను. అది నడుం మీద చేతులు పెట్టుకుని, అదే గొంతుతో, "అయ్యా, తమరి ఇబ్బంది నాకు అర్థమైంది" అంది. ఒక్క తడబాటు లేదు. మళ్ళీ అనిపించాను. మళ్ళీ గలగలా అనేసింది. వంటింట్లోంచి అత్తగారు గరిటెతో సహా పరిగెత్తుకొచ్చారు. ఆయనకి ఫోన్ చేసి వినిపించాను. అవతల బస్సు ఇంజను ఆపేశారు. "మళ్ళీ అనమను" అన్నారు.

సాయంత్రందాకా మెయిల్స్ అన్నీ దానితో చదివించాను. తీరిగ్గా మాట్లాడమన్నారు కదా, ఇదీ మాట్లాడటమే. పనీ అయింది, వైద్యమూ అయింది. ఇన్నాళ్ళూ తోచనే లేదు.

జూన్ 20, గురువారం

ఇవాళ వెళ్ళాల్సిందే అనుకున్నాను. కొత్తరకం ఫ్రిజ్‌లకి తలుపులు ఊడిపోతున్నాయట, పొద్దుటినుంచి ఫిర్యాదుల వరద. ఐదుగురమూ క్షమాపణలు చెబుతూ కూర్చున్నాం. అత్తగారే వెళ్ళారు. రెండు.

డాక్టరమ్మ ముందు పిట్ట చేత గర్వంగా పెద్దాయన గొంతు పెట్టించారట. ఆవిడ మెచ్చుకుని, "కానీ ఇది వేరేవాళ్ళ గొంతమ్మా. ఇంకో మనిషిలా నటిస్తే చాలామంది పిల్లలకి నత్తి అడ్డు రాదు. తడబడినా సరే, తన మాట తను చెప్పుకోవాలి. దాన్ని వినే మనిషి కావాలి" అన్నారట.

అత్తగారు నాకు మంచినీళ్ళిచ్చి మరీ చెప్పారు. చివర్న, "నిన్ను రెండోసారి చూడనైనా లేదు, ఆవిడకి మనింటి సంగతి ఎలా తెలిసిందో" అన్నారు.

జూన్ 22, శనివారం

పిట్ట ఇప్పుడు తన గొంతుతో మాట్లాడటం లేదు. పొద్దున్న లేచి, "అయ్యా, నాకు దాహంగా ఉంది" అంది. పళ్ళు తోముకోమంటే, "తమరి మాట గమనించాం" అంది. ఆయన పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. మధ్యాహ్నానికి నవ్వడం మానేశాం. ఆ గొంతు వద్దమ్మా, మామూలుగా చెప్పు అని బతిమాలితే, నోరు తెరిచి, కళ్ళు గట్టిగా మూసుకుని, మళ్ళీ నోరు మూసేసుకుంది. ఆ తర్వాత రోజంతా ఏ గొంతూ లేదు.

నేర్పింది నేను. ఇంకెవరో కాదు.

జూన్ 24, సోమవారం

ఈ నెల ఉత్తమ ఉద్యోగి నవ్వులమ్మట. కంపెనీ అంతటికీ మెయిల్ వచ్చింది. నేను నవ్వులమ్మ పేరు మీద అందరికీ కృతజ్ఞతలు చెప్పాను, నవ్వు బొమ్మలతో. బహుమానం ఒక పూట సెలవు. దాన్ని నాకు బదలాయించమని అడిగితే, "అలా పద్ధతి కాదమ్మా" అన్నారు సార్.

అసలు విషయం అది కాదు. ఫ్రిజ్‌ల కంపెనీ నుంచి మేడమ్ వీడియోలో మా ఐదుగురితో ముఖాముఖి మాట్లాడతారట. గురువారం. మూడింటికి.

గోరుచుట్టు మీద రోకటిపోటు.

జూన్ 25, మంగళవారం

వేరే టైము అడగమని సార్‌ని బతిమాలాను. "మనమంతా ఒక కుటుంబం. కుటుంబానికి అవసరమొస్తే పక్కకి తప్పుకుంటామా?" అన్నారు. పదినిమిషాల్లో అయిపోతుందట, ఆ తర్వాత వెళ్ళిపొమ్మన్నారు. వెళ్ళచ్చు. పదినిమిషాలే అయితే వెళ్ళచ్చు. ఆటోలో వెళ్తే అందుకోవచ్చు. ఎన్నిసార్లు రాసినా నాకే నమ్మకం కుదరడం లేదు.

జూన్ 26, బుధవారం

రిహార్సల్ జరిగింది. వాచ్‌మన్ గారికి సార్ తన కోటు తొడిగి పెద్దాయన్ని చేశారు. అకౌంట్స్ కుర్రాడు చలాకీ. హెచ్ఆర్ అమ్మాయి నవ్వులమ్మ. సార్ కారు డ్రైవరు ముక్తసరి, అతన్ని అసలు నోరు విప్పొద్దన్నారు. మాట్లాడేదంతా నేనే.

వాచ్‌మన్ గారు నన్ను పక్కకి పిలిచి, "నేను ఏం చెయ్యాలమ్మా?" అని అడిగారు.

"ఏమీ చెయ్యక్కర్లేదు బాబాయ్. తల ఊపితే చాలు."

"అబద్ధానికా, నిజానికా?"

ఆయన కోటు గుండీ పెట్టి వచ్చేశాను.

జూన్ 27, గురువారం

కాన్ఫరెన్సు గదిలో కెమెరా ముందు వరసగా కూర్చున్నాం. పెళ్ళిచూపుల్లా ఉంది. మేడమ్ మంచి మనిషిలానే ఉన్నారు. తలుపుల సంగతి అడిగారు, చెప్పాను. ఇంకేదో అడిగారు, చెప్పాను. గోడ గడియారం నా ఎదురుగానే ఉంది. పది నిమిషాలూ దాటాయి. అక్కడ అత్తగారి పక్కన కుర్చీ ఖాళీగా ఉంటుంది.

అప్పుడు మేడమ్ నవ్వుతూ వాచ్‌మన్ గారి వైపు తిరిగారు. "మీ గురించి ఒక మాస్టారు మా కంపెనీకి ఉత్తరం రాశారండీ. మీ అంత ఓపికగల మనిషిని చూడలేదట. మీ మనవరాలికి మాట తడబడుతోందట కదా, ఇప్పుడెలా ఉంది పాపకి?"

వాచ్‌మన్ గారు నావైపు చూశారు, సార్ వైపు చూశారు. కోటు ముందుకి లాక్కుని, "నాకు మనవరాళ్ళు లేరమ్మా. ఇద్దరూ మగపిల్లలే. బాగానే మాట్లాడతారు" అన్నారు.

సార్ దగ్గారు. "ఆయనకి కాస్త మతిమరుపు మేడమ్" అన్నారు. హెచ్ఆర్ అమ్మాయి నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయింది.

నేను లేచాను. "ఆ పాప నా కూతురు మేడమ్. మాస్టారికి అలా రాసింది నేనే. ఐదుగురి పేర్లతోనూ నేనే రాస్తున్నాను. ఇప్పుడు నేను దాని దగ్గరుండాలి" అన్నాను. చెప్పేటప్పుడు ఎవరి గొంతూ పెట్టుకోలేదు. నాకే విడ్డూరంగా వినిపించింది.

నేను ఆస్పత్రికి చేరేసరికి గంట అయిపోవచ్చింది. తలుపు తెరిస్తే పిట్ట నన్ను ఎగాదిగా చూసి, పెద్దాయన గొంతుతో, "తమరు ఆలస్యంగా వచ్చారు" అంది. అత్తగారు పమిట నోటికడ్డం పెట్టుకున్నారు. డాక్టరమ్మ నన్ను పిట్ట ఎదురుగా కింద కూర్చోమని సైగ చేశారు. కూర్చున్నాను. ఏమీ అందించలేదు. చాలాసేపటికి పిట్ట వచ్చి నా ఒళ్ళో తల పెట్టుకుంది.

డాక్టరమ్మ మూడోది రాసుకోలేదు.

జూన్ 28, శుక్రవారం

సార్ ఎదురుగా కుర్చీ చూపించారు. ఎప్పుడూ చూపించరు. "కుటుంబం పరువు తీశావు" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి దారి చెప్పారు. పైవాళ్ళెవరికీ తెలియకుండా నేనే సొంతంగా ఆ నలుగురి పేర్లూ వాడుకున్నానని రాసివ్వాలి. రాసిస్తే ఉద్యోగం ఉంటుంది. "కార్డూ ఉంటుందమ్మా. పాప కోసమైనా ఆలోచించుకో. కాస్త సర్దుకో."

సోమవారందాకా గడువిచ్చారు.

జూన్ 29, శనివారం

రాసిచ్చేస్తే ఏం పోతుంది? ఇన్ని అబద్ధాలు రాశాను, ఇదొకటి. కార్డు లేకపోతే గురువారాలు లేవు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆయన్ని అడిగాను. చాలాసేపు అరచేతులు చూసుకున్నారు. "నువ్వే చెప్పు" అన్నారు. నేను చెప్పాల్సిన మాట ఆయన చెప్పేస్తారేమో అని చూశాను. అందించలేదు. ఆయన కూడా నేర్చుకుంటున్నట్టున్నారు.

జూన్ 30, ఆదివారం

పిట్ట పొద్దున్న నా చెవి దగ్గరకొచ్చి, తన గొంతుతో, "అ.. అమ్మా.. ఆ.. ఆకలి" అంది. ఎంతసేపు పట్టిందో చూడలేదు. లాప్‌టాప్ తెరవలేదు.

జూలై 1, సోమవారం

ఆ కాగితం ఐదుగురిలో ఎవరిలా రాయాలా అని ఆలోచించి, ముక్తసరిలా రాశాను. రెండే లైన్లు.

"మీరు అడిగింది నేను రాయను.
ఉద్యోగం మానేస్తున్నాను."

సంతకం మాత్రం నాది. కార్డు బల్ల మీద పెట్టేశాను. వస్తూ వస్తూ ప్యాంట్రీలోంచి ముక్తసరి డబ్బా తెచ్చేశాను. ఎందుకో తెలీదు, అక్కడ వదలబుద్ధి కాలేదు. గేటు దగ్గర వాచ్‌మన్ గారు లేచి నిలబడ్డారు. కోటు తిప్పి ఇచ్చేశారట.

జూలై 4, గురువారం

కార్డు లేదని డాక్టరమ్మకి చెప్పేశాను. నెలకోసారి వస్తే చాలన్నారు. మిగతాది ఇంట్లో మీరే చెయ్యాలి, అసలు వైద్యం అదే అన్నారు. ఊరడించడానికి అన్నారో, నిజమే అన్నారో. బస్సు ఎక్కాక కూడా పర్సులో డబ్బులు లెక్కపెడుతూనే ఉన్నాను. వేరే ఉద్యోగం దొరుకుతుందా? అక్కడ ఎంతమందిగా రాయమంటారో.

జూలై 12, శుక్రవారం

హెచ్ఆర్ అమ్మాయి ఫోన్ చేసింది. ఫ్రిజ్‌ల కంపెనీ ఒప్పందం తెంచుకోలేదట. నిజంగానే ఐదుగురు కొత్తవాళ్ళని పెడతామని సార్ మాటిచ్చారట. పోనీలే, నా వల్ల ఆ మాత్రమైనా జరిగింది అనుకున్నాను. సంతోషంగానే ఉంది.

జూలై 20, శనివారం

మా ఫ్రిజ్ తలుపు ఊడింది. మా ఆఫీసువాళ్ళకని ఆ కంపెనీ చవగ్గా ఇచ్చిన ఆ కొత్తరకమే మాది. ఆయన తన ఫోన్ నుంచి ఫిర్యాదు పెట్టారు. ఇవాళ సాయంత్రం జవాబొచ్చింది. చదువుతూ చదువుతూ ఆయన ఫోన్ నా చేతికిచ్చేశారు.

మర్యాదగా ఉంది. తలుపు ఎప్పుడు మారుస్తారో చెప్పారు. చివర్న "మళ్ళీ ఇబ్బందైతే నాకే రాయండి" అని ఉంది. దాని కింద నా పేరు.

ఐదుగురు కొత్తవాళ్ళన్న మాట గాలికే పోయింది. ఇప్పుడు ఐదుగురూ లేనివాళ్ళే. ఆ ఐదుగురి మెయిల్స్ ముందూ ఎవరో ఒక్కరు కూర్చుని ఉంటారు. ఏ ఇంటి మనిషో, ఇంట్లో ఎవరు ఎదురుచూస్తున్నారో.

పిట్ట నా భుజం మీంచి తొంగిచూసింది. ఈ మధ్యే కూడబలుక్కుని చదవడం వచ్చింది. నా పేరు మీద వేలు పెట్టి గుర్తుపట్టింది. "అ.. అమ్మా. ఇ.. ఇది రా.. రా.." అంది, కళ్ళు మూసుకుంది. "రా.. రాసింది ను.. ను.."

మాట నా నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఆయన నోరు తెరవబోతే మోకాలితో తట్టాను. వంటింట్లోంచి పాలు పొంగుతున్న వాసన వచ్చింది. అత్తగారు కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయి, పిట్టని చూసి మళ్ళీ కూర్చున్నారు. పిట్ట పిడికిళ్ళు బిగించింది. వదిలింది. ఊపిరి పీల్చుకుంది. మేం ముగ్గురం దాని మొహంలోకే చూస్తున్నాం.

"ను.. నువ్వేనా?" అంది.

"కాదమ్మా," అన్నాను. "నేనిక్కడున్నాను."

పాలు సగానికి సగం పొయ్యి పాలయ్యాయి. అత్తగారే గుడ్డ తెచ్చి తుడిచారు.